పోపు వినపడని వంటిల్లు

భాగ్యవతికి చూపు పోయి పదకొండేళ్లయింది. అయినా వంట ఎవరికీ వదల్లేదు. నూనె కాగిందో లేదో, ఆవాల చిటపట ఆగిందో లేదో చెవులతోనే తెలుసుకునేది. భర్త కాశీనాథ్ ముద్ఖేడ్ జంక్షన్‌లో రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పొద్దున రైలెక్కి పోయి సాయంత్రానికి నాందేడ్‌లోని ఇంటికి చేరేవాడు.

కిందటేడు అద్దె ఇల్లు వదిలి రెండో అంతస్తులో చిన్న ఫ్లాట్ కొనుక్కున్నారు. దుమ్ము రాకుండా వంటింటి కిటికీకి కదలని అద్దం బిగించి, దానిపైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాడు కాశీనాథ్. పాత ఇంట్లో పొగకు ఆమె పడ్డ దగ్గు అతను మరిచిపోలేదు. ఫ్యాన్ నిజంగానే పొగనంతా లాగేసింది. కానీ దాని హోరులో ఆమెకు పోపు వినపడలేదు.

అంత ప్రేమగా పెట్టించినదాన్ని వద్దనడానికి ఆమెకు మనసొప్పలేదు. కూరలు మాడసాగాయి. అతను వాటినే కలుపుకుని తినేవాడు. ఒక ఆదివారం ఆమె వేళ్ల మీద బొబ్బలు కనబడ్డాయి. ఎట్లా కాలిందని అడిగితే మొదట మాట దాటేసింది.

"ఫ్యాన్ తిరిగితే నాకు చెవులు కూడ పోయినట్టే అయితది" అంది చివరికి.

కాశీనాథ్ పొయ్యి ముందు నిలబడి, ఫ్యాన్ వేసి, కళ్లు మూసుకుని నూనెలో ఆవాలు వేశాడు. మాడిన వాసన వచ్చేదాకా అతనికేమీ తెలియలేదు.

మర్నాడే ఎలక్ట్రీషియన్ జగదీశ్వర్‌ను పిలిచి ఫ్యాన్ తీసేయమన్నాడు. భాగ్యవతి అడ్డుపడింది.

"తియ్యకు తమ్మి, దానితోనే నా దగ్గు పోయింది. కిటికీ తెరుచుకునేటట్టు చేయించుకుంటం. స్విచ్ నా చేతికందేటట్టు పెట్టు. పోపు అయినంక ఏసుకుంటా."

వారంలో అద్దం పోయి రెక్కల కిటికీ వచ్చింది. తొలిరోజు ఆమె వంట చేస్తుంటే ఎదుటి భవనం కిటికీలోంచి పార్వతీబాయి అనే ఆవిడ మరాఠీలో పలకరించి, వాసన బాగుంది, ఏం వండుతున్నావని అడిగింది. అంత దగ్గరలో ఒక మనిషి ఉందని భాగ్యవతికి ఇన్ని నెలలూ తెలియదు. పుంటికూర పప్పు అని చెప్పింది. ఇద్దరూ పని చేసుకుంటూనే చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఇప్పుడు సెలవు రోజుల్లో కాశీనాథ్ భార్య పక్కన నిలబడి ఉల్లిగడ్డలు కోస్తాడు. మధ్యలో ఏదైనా అనబోతే ఆమె అతని చేతి మీద చెయ్యి వేస్తుంది.

"జర ఆగు, పార్వతీబాయి చెప్తున్నది."

అతను నవ్వుకుని ఆగుతాడు.