రేడియం స్టిక్కరు బేస్ గిటారు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, డిసెంబరు మొదటి వారంలో, జగ్గయ్యపేటలో ఒక చర్చివాళ్ల క్రిస్మస్ పాటల వీడియోకు సౌండ్ ఇంజినీరుగా నన్ను పంపారు. నాది విజయవాడ స్టూడియోలో ఉద్యోగం. ఇలాంటి పనుల్లో ఏ వాద్యం ఉండాలో ఆర్కెస్ట్రా లీడరు చెబుతాడు, అది ఎలా వినపడాలో ఇంజినీరు చూసుకుంటాడు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు.

లీడరు విల్సన్ హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆ చర్చిలో ఏళ్ల తరబడి బేస్ గిటారు వాయిస్తున్నది రత్నకుమారి, చిల్లకల్లులో టీచరు. బేస్ అంటే నాలుగు లావు తీగల గిటారు. పాటకు అడుగున ఉండే మంద్రస్వరాలు దానివి. ఆరు తీగల మామూలు గిటారు చేతకానివాళ్లే నాలుగు తీగలు పట్టుకుంటారన్న చులకన మా రంగంలోనూ ఉంది. ఆ మాట వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

ఆమె గిటారు బయటికి తీయగానే విల్సన్ కంపెనీ పేరు కోసం చూశాడు. పేరు పెద్ద విదేశీ కంపెనీదే, కాకపోతే లారీలకు అంటించే రేడియం స్టిక్కరుతో ఉంది. అందులోనూ రెండు అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి. వాద్యబృందమంతా గొల్లున నవ్వింది.

"ఇది డూప్లికేట్, సిస్టర్. వీడియో చూసి నవ్వుతరు. బేస్ కీబోర్డులో వేసుకుంటం లే," అన్నాడు విల్సన్.

అన్నం కేరియరు తెచ్చిన రత్నకుమారి భర్త ఏసుపాదం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగి, తడబడుతూ ముందుకొచ్చాడు. "నందిగామలో నేనే వేయించానండి. పేరు లేదని మా ఆవిణ్ణి చిన్నచూపు చూస్తారేమోనని..." అని మధ్యలోనే ఆగిపోయాడు.

నాకు చాలా బాధేసింది. ఏ చిన్నచూపు పడకూడదని ఆ పని చేశాడో అదే ఎదురైంది. కానీ నిర్ణయం లీడరుది. బేస్ గిటారు వైరు తీసేశాను.

సౌండ్ చెక్‌లో ముందు వాద్యాలను విడివిడిగా విని, తర్వాత అందరిచేతా కలిపి ఒక పాట పాడిస్తాం. పల్లవి బాగానే వచ్చింది. చరణం దగ్గర క్వయర్, అంటే చర్చి పాటల బృందం, చెదిరిపోయింది. సగంమంది ముందే ఎత్తుకున్నారు, సగంమంది ఎత్తుకోనేలేదు. విల్సన్ చేత్తో ఎన్ని సైగలు చేసినా లాభం లేకపోయింది.

చివరికి ముందు వరసలోని పెద్దావిడ మరియమ్మగారు అసలు సంగతి చెప్పింది. "మా రత్నం జారుడు వేస్తేనే కదండీ మేం ఎత్తుకునేది! ఇవాళ అది వినపళ్ళా."

చరణానికి ముందు రత్నకుమారి తీగ మీద వేలు జార్చి ఒక స్వరం వేస్తుందట. చేయి ఊపి పాడించే మనిషి ఆ క్వయర్‌కు ఎప్పుడూ లేడు. ఆ స్వరం కోసమే వాళ్లు బేస్ స్పీకరు పక్కన నిలబడతారట.

విల్సన్ పని తెలిసినవాడు, బింకానికి పోలేదు. "సారీ సిస్టర్, మీరు రండి," అన్నాడు. నేను వైరు మళ్లీ పెట్టాను. ఈలోగా ఏసుపాదం స్టిక్కరును గోటితో గీకడం మొదలుపెట్టాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉంచండి. తప్పయితే ఏంటంట? మీరు పెట్టించిన పేరేగా!"

మొదటి టేకులోనే పాట ఓకే అయింది. ఆ తర్వాత ఏ ఊళ్లో రికార్డింగుకు వెళ్లినా, వాద్యం ఏ కంపెనీదని కాకుండా, దాన్ని విని పాడేవాళ్లు ఎవరని ముందు అడిగేవాణ్ణి. ఆ జవాబు తెలిశాకే ఏ వైరైనా తీసేవాణ్ణి.