బావ నిలబడ్డ అల

ఎన్నో ఏళ్లుగా ఒక నవ్వు నా గొంతులో ముల్లులా ఇరుక్కుని ఉంది. నవ్వు ముల్లవుతుందా అని మీరు అడగొచ్చు. నవ్వించేవాణ్ణి అడగండి, చెబుతాడు.

నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను. చిట్యాల దగ్గర రోడ్డు పక్కన పంక్చర్ల షాపు నాది. లారీవాళ్లు టైరు కోసం ఆగుతారు, నా మాటల కోసం ఇంకాసేపు కూర్చుంటారు. అందరికీ ఇష్టమైన కథ, మా సైదులు బావ విశాఖ సముద్రంలో అలల మీద తేలే పలక మీంచి పడ్డ కథ. చేతులు ఆడించి, కళ్లు తేలేసి, పెళ్లిళ్లలో కూడా చేసి చూపించాను.

ఆ కథ అబద్ధం.

సైదులు మా మేనత్త కొడుకు. గొర్లు కాస్తాడు. ఊరి పిల్లలందరికీ నడుముకు ఎండు బెండు కట్టి బావిలో ఈత నేర్పింది ఆయనే. నాక్కూడా. మా బావి ఆటల్లో ఒకటుంది: మునిగి, కింద నుంచి పైవాడి కాలు లాగడం. వాడు నీళ్లు మింగి తేలితే గట్టు మీదివాళ్లు నవ్వాలి. బావాబామ్మర్దులైతే ఇంకాస్త గట్టిగా లాగాలి. నీళ్లంటే మాకు అంతే. చుట్టూ రాతి గోడ, పట్టుకోవడానికి మెట్టు.

రాష్ట్రం వచ్చిన మరుసటేడు ఇద్దరం విశాఖ పోయాం. ఒడ్డున, అలల మీద నిలబడే పలకలు కిరాయికి ఇస్తున్నారు. పలకకు ఒక తాడు, తాడు కొస మనిషి కాలికి. బావ పొద్దంతా పడ్డాడు, లేచాడు. నేను నడుములోతు నీళ్లలో ఉండి ఎగతాళి చేశాను. పొద్దు వాలేటప్పుడు ఒక అల వచ్చింది. బావ మోకాళ్ల మీంచి లేచాడు. నిలబడ్డాడు. మంద వెనక కర్ర పట్టుకుని నిలబడినట్టే, ఏ తొందరా లేకుండా. ఆ మొహంలో వెలుగు నేనొక్కణ్ణే చూశాను. నా పక్క నుంచి పోతుంటే మునిగి, తాడు అందుకుని లాగాను.

ఎందుకు లాగాను? ఆటేనా? లేక పొద్దంతా నవ్వినవాణ్ణి, చివరికి ఆయన నిలబడితే నా నవ్వు ఏం కావాలి అనుకున్నానా? ఆటే అయితే తేలగానే నేనేనని చెప్పేవాణ్ణి కదా, బావిలో ఎప్పుడూ చెప్పినట్టు.

పలక తిరిగొచ్చి బావ భుజానికి తగిలింది. ఒడ్డుకు ఈడ్చుకొచ్చి ఇసుకలో పడుకోబెట్టాను. ఉప్పునీళ్లు కక్కాక ఆయన మొదట అడిగింది నొప్పి గురించి కాదు.

“నిలవడ్డనారా నేను?”

“యాడ నిలవడ్డవ్ బావా? లేవకముందే బోర్ల వడ్డవ్. గొర్లు జూస్తే నవ్వుతయి.”

“నిలవడ్డట్టే అనిపిచ్చిందిరా.”

“అల లేపింది, అలే పడేసింది. నడిమిట్ల నువ్వు ఉత్త మూటవే.”

దవాఖానలో భుజం నయమైంది. బావ మాత్రం మళ్లీ బావిలోకి దిగలేదు. “నా ఒళ్లే నాకు అబద్ధం జెప్పింది, ఇగ పిల్లల్ని ఏం నమ్మి దింపాలె?” అన్నాడొకసారి. అది విన్నాక కూడా నేను కథ ఆపలేదు. ఆపితే ఎందుకాపావని అడుగుతారేమోనని భయం.

ఈసారి వానలకు బావి నిండింది. మొన్న బావ బిడ్డ లావణ్య షాపుకొచ్చి పాత ట్యూబు అడిగింది. బాపు నేర్పడట, తానే కట్టుకుని దిగుతుందట. నేను ఇవ్వలేదు. ఆ రోజు షాపులో ఎవరినీ నవ్వించలేకపోయాను.

రేపు పొద్దున బావ దగ్గరికి పోతాను. కొడతాడో, మాట్లాడడం మానేస్తాడో తెలియదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. కానీ ఆయన ఒళ్లు ఆయనకు అబద్ధం చెప్పలేదని తెలిస్తే, ఆ పిల్ల నడుముకు బెండు కట్టే చేతులు ఊళ్లోనే ఉన్నాయి. ముందు మీకు చెబుతున్నాను. అబద్ధానికి అలవాటుపడ్డ నోరు, కొంచెం తిరగాలి కదా. రాస్తుంటేనే గొంతులో ముల్లు కదిలింది.

తాడు నేనే గుంజిన బావా. నువ్వు నిలవడ్డవ్.