పొడి చీపురు

ఫ్యాన్ మోటార్లకు తీగ చుట్టి బతికే మనిషి ఆయన. వీధిలో అందరికీ మాత్రం పిట్టల డాక్టరే. ఎక్కడా చదువుకోలేదు. చచ్చిన పిట్టల్ని చూసి బతికున్న పిట్టల సంగతి నేర్చుకున్నాడు. ఎవరైనా అట్టపెట్టెలో చిలకను పట్టుకొస్తే ముందు మాట్లాడడు. దాన్ని చేతిలోకి తీసుకుని రొమ్ము మధ్య ఎముక మీద బొటనవేలు పెడతాడు. ఎముక కత్తి అంచులా తగిలితే తిండి ఒంటబట్టడం లేదని అర్థం. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతుంటే జబ్బు రొమ్ములో ఉందని అర్థం.

"పిట్ట తన జబ్బు దాచుకుంటుంది. చూసే కన్ను మనకుండాలి" అనేవాడు. అంతకంటే పెద్ద ఉపన్యాసం ఆయన నోట నేను వినలేదు.

ఆయన పంజరాలకు జాలీ కట్టింది నేనే. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక గోడంతా పంజరాలు, వాటిలో తల మీద కుచ్చుండే బూడిదరంగు చిలకలు. ఆ జాతి ఒంటి నుంచి సన్నని తెల్లటి పొడి రాలుతూనే ఉంటుంది. టీవీ మీద వేలు పెట్టి గీస్తే గీత పడేది.

గది ఊడవడానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పొద్దున్నే పంజరాలన్నీ వరండాలోకి మోసి, తలుపు మూసేవాడు. లోపల ఆయన భార్య, మా వదిన, పొట్టు, ఈకలు, ఎండిన రెట్ట పొడి చీపురుతో ఊడ్చేది. నీళ్లు చల్లనిచ్చేవాడు కాదు. తడి తగిలితే గింజల పొట్టుకు బూజు పడుతుంది, బూజు పిట్టను చంపుతుంది. దుమ్ము పూర్తిగా అణిగాకే పంజరాలు లోపలికి వచ్చేవి. ఆయన చేతిలో పిట్టలు ఏళ్లకేళ్లు బతికాయంటే ఊరికే కాదు.

"ఈయనకి భార్యనయ్యే బదులు చిలకనైనా బాగుండేది, మరిదిగారూ" అనేది వదిన తుమ్ముకుంటూ. "రోజూ చేతిలోకి తీసుకుని ఒళ్లెలా ఉందో చూసేవారు."

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావు" అనేవాడాయన.

వదినకు దగ్గు ఎప్పటినుంచో ఉంది. మందుల షాపులో ఏదో సిరప్ కొని తాగేది. మెట్ల మధ్యలో ఆగిపోతే మోకాళ్లు పట్టేశాయనేది. మేం నమ్మాం.

ఒకరోజు పంజరం గొళ్లెం బిగిద్దామని వెళ్లాను. మూసిన తలుపు తెరుచుకుంది. వదిన చీపురుతోనే గడప మీద కూలబడింది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఇద్దరం కలిసి ఆటో ఎక్కించాం.

ఆస్పత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ అడిగింది. "ఇంట్లో పక్షులేమైనా పెంచుతున్నారా?"

"ఉన్నాయండీ. ఒక్కదానికీ జబ్బు లేదు" అన్నాడాయన, కాస్త గర్వంగానే.

"వాటికి లేదు. వాటి దుమ్ము పీల్చీ పీల్చీ ఈవిడ ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఇక ఇంట్లో ఒక్క పక్షి కూడా ఉండకూడదు."

"తీసేస్తే తగ్గుతుందా?"

"ఇంకా పాడవకుండా ఆగొచ్చు. పోయింది మాత్రం తిరిగి రాదు."

పిట్టలన్నిటినీ అడిగినవాళ్లకి ఇచ్చేశాడు. రెక్క విరిగిన ముసలి చిలకను ఎవరూ అడగలేదు. "దాన్నొక్కదాన్నీ ఉంచుకోండి. వరండాలో పడుంటుంది" అంది వదిన. ఆయన దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని బయటికి నడిచాడు. ఎక్కడ ఇచ్చాడో నేనడగలేదు.

పంజరాలు విప్పడానికి కటింగ్ ప్లయర్ పట్టుకుని వెళ్లాను. జాలీ కోసి కట్టలు కడుతుంటే ఆయన బకెట్ నీళ్లతో గోడలు తుడుస్తున్నాడు. వదిన వరండాలో కుర్చీలో ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఆయన తుడవడం ఆపి ఆ భుజాల వంకే చూశాడు.

"పిట్టవైతే ఎప్పుడో కనిపెట్టేవాణ్ణే" అన్నాడు.

వదిన దమ్ము కూడదీసుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"పిట్టనైతే నన్ను బయటపెట్టి తలుపేసేవారు" అంది.

ఆయన గుడ్డ బకెట్లో ముంచి, పిండి, మళ్లీ అదే గోడ తుడవడం మొదలుపెట్టాడు.