ఏడు గంటల బ్యాచ్‌లో ఆగిపోయే కంప్యూటర్

2023 వానాకాలం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, రెండో అంతస్తులో మా షాపు. గేమింగ్ కంప్యూటర్లు అసెంబుల్ చేయడం, పాడైనవి బాగుచేయడం నా పని. అప్పటికి పదకొండేళ్లుగా అదే చేస్తున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు. అందుకే ఆ ఉదయం దాదాపు అరవై ఏళ్ల మనిషి ఒకాయన, దుప్పట్లో చుట్టిన క్యాబినెట్‌ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కి వస్తే, ఏ మనవడి కంప్యూటరో తెచ్చాడనుకున్నాను.

"నాదే బిడ్డ. నడుస్త నడుస్త బందైతది. నడి రోడ్డు మీద బస్సు ఆగినట్టే."

పేరు రాజరత్నం. సూర్యాపేట వైపు పల్లె. ముప్పై ఏళ్లు ఒక ప్రైవేటు ట్రావెల్స్‌లో బస్సు నడిపారు, ఎల్‌బీ నగర్ నుంచి విజయవాడ, అక్కణ్నుంచి మళ్లీ ఎల్‌బీ నగర్. నాలుగేళ్ల క్రితం మానేశారు. ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్ తరఫున, తన ఇంటి ముందుగదిలోనే, కంప్యూటర్ మీద నేర్పిస్తున్నారు. డ్రైవింగ్ సిమ్యులేటర్ అనే గేమ్, దానికి స్టీరింగు, పెడల్స్. రోడ్డు మీదికి వెళ్లాలంటే భయపడేవాళ్లు ముందు ఇక్కడ వారం రోజులు చేయి అలవాటు చేసుకుంటారు. కంప్యూటరు, బల్ల, కుర్చీ అన్నీ స్కూల్ వాళ్లవే.

"ఎప్పుడు ఆగిపోతుందండీ?"

"పొద్దుగాల బ్యాచ్‌ల. ఏడింటికి మొదలువెడ్తం. జర సేపటికే పానం పోతది. సాయంత్రం మంచిగనే నడుస్తది."

"యూపీఎస్ ఏదండీ?"

"గీ నాగోల్ పోయే రోడ్డు మీదనే బిడ్డ."

నేనడిగింది ఒకటి, ఆయన చెప్పింది ఒకటి. ఆ మాట తెలియదు కాబోలు అనుకుని, వదిలేసి, రిపేరు వివరాలుండే జాబ్ కార్డు రాసుకున్నాను. ఆ వదిలేయడం రెండు వారాలు తిప్పుతుందని అప్పుడు తెలియదు.

బెంచ్ మీద పెట్టి చూస్తే మిషను భేషుగ్గా ఉంది. దుమ్ము దులిపాను, గ్రాఫిక్స్ కార్డుకి వేడి లాగే పేస్టు కొత్తది వేశాను, అదే గేమ్‌ని ఐదు గంటలు ఆపకుండా నడిపాను. ఒక్కసారి కూడా ఆగలేదు. తీసుకెళ్లారు. మూడో రోజు మళ్లీ వచ్చారు. ఈసారి కరెంటు అందించే భాగం, అంటే మేం ఎస్ఎంపీఎస్ అనేది, మార్చి చూశాను. కార్డు కూడా వేరేది పెట్టి చూశాను. నా దగ్గర నడుస్తుంది. ఆయన ఇంట్లో ఆగిపోతుంది.

రెండోసారి గేమ్ సెట్టింగ్స్ కలియతిప్పుతుంటే ఒక సంగతి దొరికింది. గేమ్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య మాటలు నడిపే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఇక్కడ చెట్టు గియ్యి, అక్కడ నీడ వెయ్యి అని గేమ్ దాని ద్వారానే కార్డుకి చెబుతుంది. దాన్ని గ్రాఫిక్స్ ఏపీఐ అంటాం. డైరెక్ట్‌ఎక్స్ 11, డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ అని గేముల్లో కనపడే పేర్లు దానివే. ఈ సిమ్యులేటర్ కొత్త వెర్షన్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చింది. ఆగిపోవడం మొదలైంది కూడా ఆ వెర్షన్ వేసిన తర్వాతే. నాకు ప్రాణం లేచొచ్చింది. గేమ్‌ని పాత 11కి మార్చి, జాబ్ కార్డు మీద "సాఫ్ట్‌వేర్ సమస్య, సరిచేయబడింది" అని రాసి పంపించేశాను.

నిజంగానే ఆగలేదు. కానీ వారం తిరక్కుండా మనిషి మళ్లీ గుమ్మంలో ఉన్నారు.

"ఆగుతలేదు బిడ్డ, గని అద్దాలు కొట్టుకుంటున్నయ్. పక్కద్దంల బండి ఇంకా ఎన్కనే ఉన్నట్టు కనవడ్తది, జూస్తే మీదికొచ్చి ఉంటది. అద్దం జూడొద్దని నేర్పియ్యాల్నా?"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. సిమ్యులేటర్‌లో మూడు అద్దాలుంటాయి. ఒక్కో అద్దానికీ కార్డు చుట్టుపక్కల దృశ్యాన్ని మళ్లీ గీయాలి. ఆ గీయమనే ఆదేశాలు డైరెక్ట్‌ఎక్స్ 11లో చాలావరకు ప్రాసెసర్‌లో పనిచేసే భాగాల్లో, అంటే కోర్లలో, ఒక్కదాని మీదుగానే వెళ్తాయి. డైరెక్ట్‌ఎక్స్ 12లో కోర్లన్నీ పంచుకుని పంపుతాయి. కాగితం మీద బొమ్మ గీసి, ఎదురుగా కూర్చోబెట్టి నిదానంగా వివరించాను. ఆయన కాసేపు బొమ్మనే చూశారు.

"అంటే పాతదాంట్ల ఒక్కడే కండక్టరు. బస్సు నిండ జనం. ఆడు టికెట్లు కొట్టేదాంక బండి కదల్దు. ఇంజను ఎంత మంచిదైతే ఏం లాభం, ఉట్టిగనే నిలవడ్తది. కొత్తదాంట్ల నలుగురు కండక్టర్లు."

పదకొండేళ్లలో ఏ కస్టమరూ నాకు నా విషయాన్ని అంత బాగా తిప్పి చెప్పలేదు. అంతటితో ఆగితే ముచ్చటపడి ఊరుకునేదాన్ని. ఆయన ఇంకో మాట అన్నారు.

"మరి నలుగురు కండక్టర్లుంటే ఇంజను మీద బరువు ఎక్కువ వడ్తది గదా?"

ఆ ప్రశ్న ఆ రోజంతా నన్ను వదల్లేదు. పాతదాంట్లో కార్డు సగం సేపు ఖాళీగా ఎదురుచూస్తుంది. కొత్తదాంట్లో పూర్తి బలంతో పనిచేస్తుంది, కరెంటు కూడా అంతే లాగుతుంది. 11కి మార్చగానే జబ్బు పోయిందంటే జబ్బు 12లో ఉందని కాదు. బరువు తగ్గింది కాబట్టి జబ్బు బయటపడట్లేదు, అంతే. మరి ఆ బరువు మోయలేనిది ఏది? క్యాబినెట్ లోపల ఉన్నవన్నీ నా బెంచ్ మీద మోస్తూనే ఉన్నాయి.

మర్నాడు ఉదయం షాపు తెరవకుండా, వాట్లు చూపించే చిన్న మీటరు సంచిలో వేసుకుని, స్కూటీ మీద ఎల్‌బీ నగర్ వెళ్లాను.

నాగోల్ రోడ్డు పక్క కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్ కిరాయి ఇల్లు. గోడ మీద శిలువ, కింద స్టీరింగు బల్ల. సరిత అనే నర్సమ్మ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉంది, ఉదయం డ్యూటీకి ముందు నేర్చుకోవడానికి వస్తుందట. గేమ్‌ని మళ్లీ 12కి మార్చమన్నాను. రాజరత్నం గారు ఆమె వెనకే నిలబడి, "ఇంజను గుంజుతలేదమ్మా, గేరు దించు" అంటున్నారు. తెర వైపు చూడకుండానే, చప్పుడు బట్టి చెబుతున్నారు.

ఏడుంబావుకి ట్యూబ్‌లైటు ఒక్కసారి మసకేసింది. పక్క గదిలో బోరు మోటరు మొదలైంది. బల్ల కింద నుంచి బీప్, బీప్ అని సన్నగా చప్పుడు. ఒకటి, రెండు, మూడు. తెర నల్లబడి, కంప్యూటరు చచ్చిపోయింది. ఒక్క క్షణం తర్వాత మానిటరు దీపం దానంతటదే వెలిగింది.

వంగి చూశాను. బల్ల వెనక గోడకి ఆనించి పాత ఆఫీసు యూపీఎస్ ఒకటి ఉంది. బల్లతో పాటు స్కూల్ వాళ్లు పంపించిందే. కరెంటు పోతే కాసేపు ఆదుకునే బ్యాటరీ డబ్బా. మోటరు వేసినప్పుడల్లా వోల్టేజీ పడిపోతుంది, యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది. బ్యాటరీ ముసలిది. 11లో కార్డు తక్కువ లాగుతుంది కాబట్టి ఆ కొద్ది సెకన్లు ఎలాగో నెట్టుకొస్తుంది. 12లో చేతులెత్తేస్తుంది. మీటరు పెట్టి రెండు రకాలుగానూ చూశాను. 12లో ముల్లు రెట్టింపు దగ్గరికి పోయింది.

"ప్రతిసారీ ముందే అరుస్తోంది కదండీ ఇది! ఎవరూ చెప్పలేదేంటి?" అన్నాను.

"అది సీటు బెల్టు పెట్టుకోమని గేమ్‌ల ఒచ్చే సౌండ్ గదా మేడం," అంది సరిత. "రోజు ఒస్తది."

రాజరత్నం గారు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. "ఏం సప్పుడు?"

నేను యూపీఎస్ ప్లగ్గు పీకాను. బీప్ మళ్లీ మొదలైంది, ఆ చిన్న గదిలో చెవులు పొడుస్తున్నట్టుగా. ఆయన నా పెదాల వైపు చూస్తూ నిలబడ్డారు, నేనేదో చెప్పబోతున్నానని. అప్పుడు నాకు అర్థమైంది. నేను ప్లగ్గు మళ్లీ పెట్టేశాను. సరిత లేచి, డ్యూటీకి టైమైందని చెప్పి వెళ్లిపోయింది. మంచి పిల్ల.

ఆయన కుర్చీలో కూర్చున్నారు.

"బరువు సప్పుళ్లు ఇనవడ్తయ్ బిడ్డ. ఇంజను మంచిగ ఇనవడ్తది. సన్న సప్పుళ్లే పోయినయ్. ముప్పై ఏండ్లు ఇంజను పక్కన కూసున్న గదా. పెద్ద అంబర్‌పేట్ కాడ ఒకనాడు ఒక కారోడు హారన్ కొట్టుకుంట పక్కకెల్లి ఒచ్చిండట. నాకు ఇనవడలే. బెత్తెడు సందుల పోయిండు. బస్సుల నలభై మంది. సీద ఎల్‌బీ నగర్ తెచ్చి ఆపి, తాళం ఓనర్ చేతుల వెట్టి, నడుం నొస్తుందని జెప్పిన. ఇంట్ల కూడ అదే జెప్పిన."

"మరి నేను మాట్లాడేది ఎలా అర్థమవుతోందండీ?"

"మా దిక్కు మాటైతే పెదాలు జూస్తే తెలుస్తది. నీ మాట జర ఏరే. అందుకే నీ కాడ ఉల్టా జవాబులు జెప్పిన."

మా అమ్మది తెనాలి. నేను నాగోల్‌లో పుట్టి పెరిగినా ఇంట్లో అమ్మ మాటే నా నోట్లో నిలిచిపోయింది. షాపులో ఆయన్ని రెండు మూడుసార్లు వెనకనుంచి పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. ఈ వయసులో ఇంత పొగరేంటి అని లోపల విసుక్కున్నాను. ఆ గదిలో కూర్చుని అది గుర్తొస్తే తల ఎత్తలేకపోయాను.

అంతలో నా ఫోను మోగింది. డ్రైవింగ్ స్కూల్ ఓనర్.

"ఏమైంది మేడం, బండి మంచిగైతదా కాదా? ఒకటో తారీకు నుంచి రాజరత్నం అన్నను కార్ల కూడ కూసోవెడ్తున్న. లర్నర్ల పక్కన. గీ కంప్యూటర్ లొల్లి అప్పటిదాంక తెగాలె."

"యూపీఎస్ బ్యాటరీ పోయిందండీ. కొంచెం పెద్ద యూపీఎస్ పెడితే ఇక ఆగదు," అన్నాను. అది నిజమే. అక్కడితో ఆగిపోయాను.

ఫోను పెట్టేశాక ఆయనకెదురుగా కుర్చీ జరుపుకుని, ఒక్కో మాటా విడమర్చి అన్నాను. "కంప్యూటర్ సంగతి నేను చెప్పాను. మీ సంగతి చెప్పడం నా పని కాదు. కానీ లర్నర్ పక్కన కూర్చునేది మీరు. వెనక హారన్ కొడితే ఆ లర్నర్‌కి మీరే చెప్పాలి."

ఆయన స్టీరింగు మీద చేయి వేశారు. "జెప్తే గీ కుర్సీ కూడ పోతది."

పోదని మాటివ్వడానికి నేనెవరిని? "పోవచ్చండీ," అన్నాను.

మధ్యాహ్నానికి పెద్ద యూపీఎస్ తెచ్చి బిగించాను. మర్నాడు ఏడుంబావుకి మోటరు వేశారు, లైటు మసకేసింది, గేమ్ ఆగలేదట. అద్దాలూ కొట్టుకోలేదట. ఆ కబురు సరిత ఫోను చేసి చెప్పింది. రాజరత్నం గారి నుంచి మాత్రం రెండు వారాలు ఏ కబురూ లేదు. ఒకటో తారీకు వచ్చింది, పోయింది. అన్ని రోజులూ నా మనసు మనసులో లేదు. నేనే ఓనర్‌కి చెప్పి ఉండాల్సిందా? చెప్పి ఉంటే ఆయన మొహం ఎలా చూసేదాన్ని?

మూడో వారం ఆయనే మెట్లెక్కి వచ్చారు. రెండు చెవుల వెనకా చిన్న మిషన్లు. చేతులు ఖాళీ, క్యాబినెట్ లేదు.

"ఓనర్‌కు జెప్పిన. రెండు దినాలు మొకం జూడలే. ఇన్నొద్దులు ఎందుకు దాసినవని కోపం. మూడో దినం తానే ఒచ్చి దవాఖానకు తోల్కపోయిండు. కార్ల ఏరేటోన్ని పెట్టిండు. కంప్యూటర్ మీద నేనే." తర్వాత పైనున్న ఫ్యాను వైపు చూసి మొహం చిట్లించారు. "ఏందమ్మా గిది, గింత లొల్లి జేస్తది? మా ఇంట్లది కూడ గట్లనే ఉన్నది. పరేషాన్ అయితున్న."

ఇంట్లో వాళ్లావిడ కూడా రెండు రోజులు మాట్లాడలేదట. నాలుగేళ్లుగా తను పిలుస్తుంటే కావాలనే పలకట్లేదని మనసులో పెట్టుకుని బతికింది ఆమె. విషయం తెలిశాక కోపం పోలేదు, దిశ మారింది. "నాకెందుకు జెప్పలే" అని. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు కాస్త తగ్గింది.

ఆ కేసుకి ముందు, ఒక సెట్టింగ్ మారిస్తే జబ్బు మాయమైతే జబ్బు దొరికినట్టే అనుకునేదాన్ని. డైరెక్ట్‌ఎక్స్ 12లో ఆగిపోతుంటే 11కి మార్చి పంపిన మిషన్లు అంతకుముందు ఎన్నో. వాటిలో ఎన్నింటిలో అసలు బలహీనత ఇంకెక్కడో ఉండిపోయిందో ఇప్పుడు చెప్పలేను. బరువు తగ్గిస్తే మిషను నడుస్తుంది. ఏది మోయలేకపోయిందో మాత్రం తెలియకుండానే ఉండిపోతుంది. మనుషులూ అలాగే నెట్టుకొస్తారని ఆ ముందుగదిలో చూశాను.

తర్వాత మా జాబ్ కార్డులో ఒక కొత్త ప్రశ్న అచ్చు వేయించాను: "మిషను ఏ గదిలో, దేనికి తగిలించి, ఎవరు వాడతారు?" కంప్యూటర్ బాగుచేయడానికి ఇదెందుకని పిల్లలు నవ్వుతారు. కొందరు ఖాళీగా వదిలేస్తారు. కొందరు అడిగినదానికి పొంతన లేని జవాబేదో రాస్తారు. ఇదివరకైతే వదిలేసేదాన్ని. ఇప్పుడు పెన్ను పక్కన పెట్టి, వాళ్లకెదురుగా కూర్చుని, మళ్లీ అడుగుతాను.