ఏ సెక్షన్ ప్రకారం?

వెండెల్ హాత్‌కాక్ ఎవరు ఏ పని చెప్పినా చేస్తాడు. కాకపోతే అది చెప్పే అధికారం తమకు ఏ సెక్షన్ ఇచ్చిందో ముందు చూపించాలి. ఆయన వాషింగ్టన్‌లో మా సర్కారు ఆఫీసు లాయరు. పక్క బల్ల దగ్గర పంతొమ్మిదేళ్లు కూర్చున్న పాపం నాది.

"కిటికీ కాస్త మూస్తారా?" అంటే, "ఏ సెక్షన్ ప్రకారం?" అనేవాడు. చెత్త బయట పెట్టమన్న భార్యనూ ఇదే అడిగాడట. ఆవిడ ఆ పూట వంట మానేసింది. దాని మీద మాత్రం ఆయన అప్పీలుకు వెళ్లలేదు.

"అధ్యక్షుడు రాజు కాదోయ్!" అని రోజూ నాకు పాఠం. "చట్టసభ చట్టం చేస్తుంది, ఈయన అమలు చేస్తాడు. మధ్యలో సొంత పైత్యం కలపకూడదు."

అలాంటి ఆఫీసుకు బ్రాక్ టార్ల్‌టన్ అనే ఆయన్ను కొత్త అధ్యక్షుడు పై అధికారిగా పంపాడు. ఎన్నికల సభల్లో చప్పట్లు కొట్టడంలో ఆయనకు అపారమైన అనుభవం ఉంది మరి. మొదటిరోజే గుమ్మం దగ్గర, టపా చూసే ఎర్నెస్టీన్ పూల్ ఆయన్ను గుర్తుపట్టక, "కార్డు చూపించు నాయనా" అంది. దేశద్రోహం కదా! తీసేయవలసిన వాళ్ల జాబితాలో ఆవిడ పేరు పైకెక్కింది. ఇంకో మూడు నెలలైతే ఆవిడకు పూర్తి పింఛను.

"సాయంత్రానికల్లా ఆవిడ వెళ్లిపోవాలి. ఇది అధ్యక్షుడి మాట!" అన్నాడు టార్ల్‌టన్, హాత్‌కాక్ బల్ల దగ్గరికి వచ్చి.

"ఏ సెక్షన్ ప్రకారం సార్?"

"మాట అని చెప్పానుగా!"

"మాటతో ఉద్యోగాలు పోవండీ. కారణం కాగితం మీద రాయాలి, ముప్పై రోజుల ముందు ఇవ్వాలి. చట్టసభ చేసిన చట్టం, ఒక అధ్యక్షుడే సంతకం పెట్టాడు."

నోటీసులన్నీ హాత్‌కాక్ చూశాకే వెళ్లాలి. తిప్పి పంపినది మళ్లీ రాసుకొచ్చేసరికి ప్రతిసారీ నెల పట్టేది. మొదటిదానిలో కారణమే లేదు, వెనక్కి పంపాడు. రెండోదానిలో కారణం "పైవారి ఇష్టం". మూడోదానిలో గడువు ఇరవై తొమ్మిది రోజులే. తప్పుల్లేని నాలుగోది తయారయ్యేసరికి ఎర్నెస్టీన్ పింఛను పక్కా అయి రెండు రోజులైంది.

టార్ల్‌టన్ కసికొద్దీ హాత్‌కాక్ బల్లను నేలమాళిగలో బాయిలరు పక్కకు మార్చాడు. అందుకు అధికారం ఉందని సెక్షన్ వెతికిచ్చింది కూడా హాత్‌కాకే.

సామాను మోస్తుంటే ఆయన రిటైర్మెంటు కాగితాలు కనిపించాయి. టార్ల్‌టన్ రాకముందే నింపి, సంతకం కూడా చేసి ఉన్నాయి.

"ఇవి ఇవ్వలేదేం?" అన్నాను.

"ఇస్తే ఆ నోటీసులు చదివేదెవరోయ్?" అన్నాడు చిరాగ్గా. పంతొమ్మిదేళ్లు ఈయన్నా నేను తిట్టుకున్నది అని సిగ్గేసింది.

అంతలో ఎర్నెస్టీన్ మెట్లు దిగి వచ్చింది. "ఆదివారం మా ఇంట్లో భోంచేస్తున్నారు. ఇది నా ఆర్డరు!"

హాత్‌కాక్ నోరు తెరిచాడు. ఆవిడ చూపు చూసి మూసేశాడు.

"ఎన్నింటికి రమ్మంటారమ్మా?" అన్నాడు.