చదవకుండా పరిగెత్తిన పేజీ

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. మా తిరుత్తణి వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందంటూ వేపమండలు పట్టుకొచ్చే ఆడవాళ్లతో నేను కొప్పులు పట్టుకునేదాకా పోట్లాడాను. ఇవాళ కూడా గాలీ ధూళీ నమ్మను. చూసింది చూసినట్టు చెప్తాను, ఏమనుకుంటారో మీ ఇష్టం.

ఎనభైల చివరి రోజులు. తిరువళ్లూరు బయట ఇనుపరేకులు నొక్కి లారీలకు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో నేను టైపిస్టుని. మా అక్క మొగుడు మునిరత్నం బావ అక్కడే ప్రెస్ షాపులో ఆపరేటరు. నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. ఒకే ఇంటి నుంచి ఇద్దరం పొద్దున్నే ఒకే రైల్లో పోయేవాళ్లం.

ప్రెస్ షాపంటే కసాయి కొట్టే. పది వేళ్లూ ఉన్న పాత ఆపరేటరు అక్కడ అరుదు. పీసులు తగ్గితే ఫోర్‌మన్ చెంప పగలగొట్టేవాడు. దెబ్బ తిన్నవాడు సాయంత్రం గేటు బయట కాపుకాసి ఫోర్‌మన్ తల పగలగొట్టేవాడు. మర్నాడు ఇద్దరూ కట్లతో పనికొచ్చేవాళ్లు. అదొక వింతగా ఎవరికీ అనిపించేది కాదు.

అలాంటి చోటికి కంప్యూటర్ వచ్చింది. పాత ప్రెస్సులు మూడింటిని దానికి తగిలించారు. ప్రోగ్రాం రాసింది వరదన్ అనే మద్రాసు కుర్రాడు, నెమ్మదస్తుడు. ఆ ప్రోగ్రాంలో ఒక్కో పనికి ఒక్కో ముక్క. రేకును నొక్కే బరువైన ఇనుప దిమ్మెను పైకి లేపేది ఒకటి, కిందికి దించేది ఒకటి, పీసులు లెక్కపెట్టేది ఒకటి. ప్రతి ముక్క నెత్తిన వరదన్ నాలుగు సంగతులు ఇంగ్లీషులో రాసేవాడు. దాని పేరు, అది చేసే పని, దానికి కావలసినవి, జాగ్రత్తలు.

నా పని ఆ సంగతులను పుస్తకం చేయడం. దానికోసం ఇంకో ప్రోగ్రాం ఉండేది. అది ముక్కలన్నీ వెతికి, నెత్తిన రాసినవి ఏరి, ముక్కకొక పేజీ చొప్పున అచ్చు వేసేది. జాగ్రత్తల దగ్గర వరదన్ ఏమీ రాయకపోతే 'లేవు' అని వేసేది. అంతకు మించి మనిషి రాయనిది అది సొంతంగా ఒక్క అక్షరం కూడా వేయజాలదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఏడాదిగా రోజూ చేస్తున్న పని.

ఒక బుధవారం మధ్యాహ్నం దిమ్మెను దించే ముక్క పేజీ వచ్చింది. జాగ్రత్తల కింద ఇంగ్లీషులో 'చెయ్యి లోపల ఉంది' అని ఉంది.

వరదన్ వేళాకోళమనుకుని కాగితం వాడి మొహాన కొట్టినంత పని చేశాను. పాపం, బిక్కచచ్చిపోయాడు. "సత్యమా నాన్ ఎళుదలే, సరోజా," అన్నాడు. ఒట్టు, నేను రాయలేదని. తెర మీద ఆ ముక్క తెరిచి చూపించాడు. జాగ్రత్తల దగ్గర ఖాళీ. మళ్లీ అచ్చు వేశాం. మళ్లీ అదే మాట వచ్చింది. నేను రెండు కాగితాలూ చించి బుట్టలో పారేశాను.

రాత్రి అన్నాల దగ్గర బావను అడిగాను, దిమ్మె కింద ఎవరైనా చెయ్యి పెడతారా అని. నిజానికి ప్రెస్సుకు రెండు బొత్తాలుంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే దిమ్మె దిగుతుంది. చేతులు బయటే ఉండాలని ఆ ఏర్పాటు.

బావ పగలబడి నవ్వాడు. "చెయ్యి పెట్టకుండా పీసు యాడ నుంచి వస్తాది సరోజా? ఒక బొత్తాన్ని తాడుతో కట్టేసినాము. రేకు ఇరుక్కుంటే ఎడం చేత్తో లాగేది, కుడి చేత్తో నొక్కేది. షాపులో అందరూ అంతే."

మా అక్క అప్పుడు ఆరు నెలల కడుపుతో ఉంది. గరిటె నేలకేసి కొట్టింది. "నీ చెయ్యి పోతే నాకూ నా బిడ్డకూ కూడు యాడిది? చెప్పు!" అని అరిచింది. "ఏం కాదు లేవే, మూడో ప్రెస్సు నా మాట ఇంటాది," అన్నాడు బావ. నాకు ఆ రాత్రి కునుకు పట్టలేదు. దయ్యానికి భయపడి కాదు, ఆ తాడుకు భయపడి.

మర్నాడు పదకొండు గంటలకు మళ్లీ అచ్చుకు పెట్టాను. వరదన్ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. ఆ పేజీ వచ్చింది. ఈసారి మాట పెరిగింది. 'మూడో ప్రెస్సు. ఎడమ చెయ్యి ఇప్పుడు లోపల ఉంది. మునిరత్నం.'

కాగితం అడుగున 'తరువాయి వచ్చే పేజీలో' అని పడింది. చూశాను. మిషన్ ఇంకా గరగరలాడుతూనే ఉంది. నేను ఆగలేదు. చెప్పులు కూడా వదిలేసి ఆవరణ దాటి ప్రెస్ షాపులోకి పరిగెత్తాను.

బావ చెయ్యి నిజంగానే లోపలుంది. మోచేతి దాకా దూర్చి, ఇరుక్కున్న రేకు లాగుతున్నాడు. పైన దిమ్మె కదలకుండా నిలబడి ఉంది. బావా అని గొంతు చిరిగేలా అరిచాను. ఆ హోరులో ఎవరికి వినిపిస్తుంది? గోడకు ఎర్రపిడి మెయిన్ స్విచ్ కనిపించింది. రెండు చేతులతో పట్టి కిందికి గుంజేశాను.

షాపంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో దిమ్మె పడింది.

ఎముకల చప్పుడు అందరికీ వినిపించింది. బావ నోరు తెరిచి తన మోచేతి కేసి చూశాడు, తర్వాత అరిచాడు. "కై పోచ్చుడా!" అని చెయ్యి పోయిందంటూ అందరూ మీద పడ్డారు. కరెంటు మళ్లీ వేస్తేగాని దిమ్మె లేవదు. వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి ముసలి ఫిట్టరు కళ్లు మూసుకుని పిడి ఎత్తాడు. దిమ్మె లేచింది. కింద చెయ్యి లేదు, రేకుకు అంటుకున్న మాంసం ఉంది. నేను నా పమిట చించి ఆయన మోచేతికి బిగించాను. జీపులో వేసుకుపోయారు.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు, "కంప్యూటరే కొట్టింది" అన్నారు. ముప్పై నలభై మంది ఇనుపకడ్డీలు పట్టుకుని మా కంప్యూటర్ గదికి ఉరికారు. వెనకే నేనూ పోయాను. అప్పటికే తెర పగిలింది, కిటికీలు పగిలాయి. వరదన్‌ను బల్ల దగ్గర్నుంచి జుట్టు పట్టి ఈడ్చారు. కడ్డీతో చెవి మీద కొట్టారు, కిందపడితే బూట్లతో తొక్కారు. వాడి పళ్లు నేలమీద కనిపించాయి.

అచ్చు మిషన్ మూల నిలబడే ఉంది. రెండో పేజీ వేలాడుతోంది. చించి చదివాను.

'మెయిన్ స్విచ్ ఆపవద్దు. కరెంటు పోతే ఈ దిమ్మె నిలవదు. చెయ్యి అతనే బయటికి తీసుకుంటాడు.'

మూడడుగుల దూరంలో వరదన్ నెత్తురు మింగుతూ నా కేసి చూశాడు. "సొల్లు సరోజా, నీ సొల్లు!" అన్నాడు. తన తప్పు లేదని నువ్వు చెప్పు అని. నేను నోరు తెరవలేదు. కాగితం మడిచి రవికలో పెట్టుకున్నాను. నా ముందే వాణ్ణి ఇంకా కొట్టారు. పోలీసులొచ్చి విడిపించేదాకా కొట్టారు.

తర్వాత మద్రాసు నుంచి ఇంకో ఇంజినీరు వచ్చి, మిగిలిన డిస్కులు తీసి చూశాడు. ఆ ముక్క నెత్తిన జాగ్రత్తలు ఖాళీ. అదే పుస్తకం నా ఎదుటే అచ్చు వేయించాడు. ఒకటే పేజీ వచ్చింది. జాగ్రత్తలు: లేవు. ఆ కాగితం సంగతి ఆయనకు నేను చెప్పలేదు.

వరదనే రాశాడేమోనని ఎన్ని వందల సార్లో అనుకున్నాను. కానీ వాడికి మా బావ పేరు తెలియదు. ఆ గంటలో, ఆ నిమిషంలో చెయ్యి ఎక్కడుందో అసలే తెలియదు. వాడికి ఒక చెవి పూర్తిగా పోయిందని విన్నాను. పోయి చూసే మొహం నాకు లేదు, పోలేదు. కాగితం నా పెట్టెలోనే ఉంది. సిరా వెలిసింది, అక్షరాలు చదవొచ్చు. వాటిని ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. కాపాడాలని వేశారో, నన్ను ఉసిగొల్పాలని వేశారో అదీ తెలియదు.

దిమ్మె పడటం, నేను స్విచ్ గుంజడం ఏది ముందో ఆ తర్వాతి గోలలో ఎవరికీ గుర్తు లేకపోయింది. దిమ్మె దిగుతుంటే నేనే ఆపానని షాపంతా చెప్పుకున్నారు. బావ కూడా అదే నమ్మాడు. పెళ్లిలో, పేరంటంలో, పదిమంది చేరిన ప్రతిచోటా మొండి చెయ్యి పైకెత్తి చూపిస్తాడు. "ఈ బిడ్డ పరిగెత్తుకుని రాకుంటే చేత్తో పోయేది కాదు, నేనే పోయుందును. నా మరదలు గాదు, నా తల్లి," అంటాడు. అక్క తన కూతురికి నా పేరు పెట్టింది.

మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే. కానీ బావ బడిలో చదివింది తమిళమే. అక్క ఏ బడికీ పోలేదు. పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. ఇన్నేళ్లకు ఇది తెలుగులో రాయడానికి నాకు ధైర్యం వచ్చింది అందుకే.