రెండు పళ్ల పాపతో పళ్ల డాక్టరు దగ్గరికి

ఆ కాలంలో ఖరగ్‌పూర్‌లో మా రైల్వే వాళ్లు పళ్ల డాక్టరు గడప తొక్కారంటే ఒకటే అర్థం: లవంగం ఓడిపోయింది, ఉప్పునీళ్లు ఓడిపోయాయి, దవడకు కట్టిన తువ్వాలు కూడా ఓడిపోయింది, ఇక పీకించుకోవడమే మిగిలింది. పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవేనని పిల్లల్ని అసలు చూపించేవాళ్లే కాదు. అటువంటి రోజుల్లో పది నెలల మా అమ్మాయిని, రెండే రెండు కింది పళ్లతో, డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్లిన మొదటి తండ్రిని నేను. మా పేట ఖరిదా మొత్తం మీద నేనే. (బెంగాల్ మొత్తం మీద అని కూడా కొన్నాళ్లు చెప్పుకున్నాను. ఎవరూ కాదనలేదు.)

అప్పుడు నేను వర్క్‌షాపులో కుర్ర ఫిట్టర్‌ని. సెలవు పెట్టి పిల్లకు గౌను తొడుగుతుంటే మా ఆవిడ అడ్డం నిలబడింది.

"ఏటి బావా, ఎల్లాల్సింది నువ్వా, గుంటా?"

"దానికీ పళ్లొచ్చినాయి కదే. సూపించీడమే."

"రెండు పళ్లకి డాక్టరా! విన్నోళ్లు నవ్విపోతారు."

"నవ్వనీ. కొత్త బోగీని లైను మీదకి ఒగ్గీముందు సూడమా? ఇదీ అంతే."

ఆవిడ మాటలోనే మీకు అనుమానం వచ్చి ఉంటుంది, కాబట్టి ఒప్పేసుకుంటాను. నా కుడి దవడ మూడు రోజులుగా వాచి ఉంది, చూపించుకోమని ఆవిడ ఒకటే పోరు. ఎర్రగా కాలిన ఇనుముకు జంకని నాకు ఆ డాక్టరు కుర్చీ అంటే చచ్చేంత భయం. ఒళ్లో పిల్ల ఉంటే నన్ను కుర్చీ ఎక్కించరు కదా, పిల్లను చూపించి వచ్చేయొచ్చని నా ఎత్తు.

ఇందా అనే పేటలో ఉండే ఆ బెంగాలీ డాక్టరమ్మను అందరం దీదీ అనేవాళ్లం. పిల్లకు ఏమైందని అడిగింది. ఏమీ కాలేదని, బోగీ మాటే మళ్లీ చెప్పాను. ఆవిడ లేచి నిలబడింది. "బాహ్ దాదా! అందరూ పన్ను నల్లబడ్డాక వస్తారు, మీరు తెల్లగా ఉన్నప్పుడే వచ్చారు. మొదటి పన్ను రాగానే, ఏడాది నిండేలోపు తీసుకురమ్మని మొత్తుకుంటున్నాను, ఒక్కరూ వినరు!" (హిందీలో అన్నది తెలుగులో రాస్తున్నాను, పొగడ్త ఏమీ పెంచలేదు.) బయట కూర్చున్న తల్లులను పిలిచి మరీ నన్ను చూపించింది. నా ఛాతీ ఉబ్బింది. దవడ ఎలాగూ ఉబ్బే ఉంది.

పిల్ల ఏడవలేదు, పైగా దీదీ వేలు కొరికి నవ్వింది. పొద్దునా రాత్రీ తడిగుడ్డతో పళ్లు తుడవమని, పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చొద్దని దీదీ చెప్పింది. "ఠీక్ హై దీదీ" అని లేచాను.

"దాదా, ఆ దవడ?"

"ఇదా... పుట్టుకతోనే ఇంతే."

గుమ్మంలో తల్లులు కిసుక్కుమన్నారు. దీదీ మాత్రం నవ్వలేదు. "ఇంత ముందుచూపున్న తండ్రి పారిపోతే, వీళ్లు రేపు నా మాట వింటారా? కూర్చోండి" అంది మెల్లగా. ఒక ముసలమ్మ పిల్లను అందుకుంది. ఇక చేసేదేముంది, కూర్చున్నాను. నేను అరవలేదు. (అరిచాను. కాకపోతే వీధిలోని వాళ్లు పిల్ల అరిచిందనుకున్నారు, నేను దిద్దలేదు.)

నెల తిరక్కుండా పక్క వీధి నుంచి కూడా ఆడవాళ్లు మా ఇంటికి వచ్చారు. "బాబూ, మా గుంటడికీ పన్నొచ్చినాది, ఆ దీదీ ఎక్కడుంటాది?" అని. ఎందరికో దారి చూపించాను. నేను వెళ్లింది పిరికితనంతోనే, కానీ ఆ పిల్లల పళ్లు మాత్రం నిజంగానే బాగున్నాయి. ఆ గర్వంలో ఒక్క పిసరు కూడా తగ్గించుకోను.

మొన్న మా అమ్మాయి ఝపటాపూర్ నుంచి వచ్చింది. లేకలేక పుట్టిన కొడుక్కి మొదటి పన్ను వచ్చింది. ఎప్పుడు చూపించాలని నన్నే అడిగింది, ఇంకెవరిని అడుగుతుంది! "పన్ను కనపడినాది కదా, ఇంకేటి? రేపే ఎల్దాం. తోడుగా నేనొస్తాను" అన్నాను. వారం రోజులుగా ఎడమవైపు నమలలేకపోతున్నానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరికి తోడని అది అడగలేదు. నా పళ్లెంలో మిగిలిపోయిన జంతికల వంక చూసి, ఫోను తీసింది.

"ఇద్దరి పేర్లూ రాయించీమంటావా నాన్నా?"

"ముందు వాడిది రాయించమ్మా" అన్నాను.